పాంథులును పథికులును: సమ్మెలచే గలిగిన యాత్రాభంగముల చరిత్రము

మార్గమున బోవువానికి సంస్కృతమున పథికుడనియు, పాంథుడనియు రెండు పేర్లు గలవు. అమరకోశము ఈ రెంటిని పర్యాయములుగా బఠించినది. పాణిని మాత్రము వీనికి భేదము చెప్పెను. అష్టాధ్యాయి పంచమాధ్యాయ ప్రథమపాదమున నొక సూత్రముచే, త్రోవను బోవువాడను నర్థమున పథికశబ్దము సిద్ధించుచున్నది. దాని వెంటనేయున్న సూత్రముచే, నిత్యము త్రోవను బోవువాడను నర్థమున పాంథశబ్దము సిద్ధించుచున్నది. అనగా, పని కలిగినప్పుడో పర్వము వచ్చినప్పుడో యిల్లు వెడలువాడు పథికుడు. మార్గమే జీవనముగా గలవాడు పాంథుడు. పల్లకి మోయు బోయీ, పడవవాడు, బండివాడు, రైలు నడపువాడు, బస్సు నడపువాడు, వీరందరును ఈ యర్థమున పాంథులే.

ఈ భేదము శబ్దశాస్త్రమునకు మాత్రమే సంబంధించినది కాదు. పథికుని యాత్ర యంతయు పాంథుని పనిమీద నాధారపడియున్నది. పాంథుడు పని మానినచో పథికుడు నడిత్రోవలో నిలిచిపోవును. సమ్మెలును, హర్తాళ్లును, బందులును జరిగిన ప్రతిచోటను ఈ విషయము కానవచ్చుచున్నది. అయినను ఆ యుద్యమముల చరిత్రములు వ్రాసినవారు సమ్మె చేసినవారి వాదమును, ఏలినవారి వాదమును విస్తరించి చెప్పిరేగాని, ఈ రెండు పక్షములలో దేనను జేరక నడుమ జిక్కుకొన్న యాత్రికుని స్థితిని ప్రాసంగికముగా మాత్రమే పేర్కొనిరి. కాశికి బోవలసిన వృద్ధుడు, పండుగ సెలవులకు తల్లిదండ్రులయొద్దకు బోవలసిన బాలుడు, వేసవిలో గొండసీమలు చూడ బయలుదేరిన కుటుంబీకుడు మున్నగువారి యాత్రలకు గలిగిన యంతరాయము రెండువందల యేండ్లకు పైగా నేయే విధముల మారుచు వచ్చెనో చూపుట యీ వ్యాసమున కుద్దేశము. ఇందు రెండు ప్రశ్నలు ముఖ్యములు. సమ్మె భారమును ఎవ్వరు మోసిరి? అది పరులమీద బడునని యెరిగినప్పుడు, చేయువారు దానికేమి యేర్పాటు గావించిరి?

శబ్దవిచారము

ఈ విషయమున వాడుకలోనున్న శబ్దములను ముందుగా బరిశీలింపవలెను. ధర్నా యనునది పట్టుట, నిలుపుట యను నర్థములుగల ధృధాతువునుండి వచ్చినది. కోరిక యీడేరువరకు ఒకచోట బట్టుపట్టి కూర్చుండుట దాని తాత్పర్యము. హర్తాళ్ అనునది గుజరాతీనుండి వ్యాపించినది. హట్టమనగా అంగడి, తాళమనగా బీగము. అంగడికి బీగము వేయుట దాని యవయవార్థము. బందు పారసీకమునుండి వచ్చి హిందూస్థానీ ద్వారమున తెలుగున జేరినది. కట్టివేయుట, మూసివేయుట దాని యర్థము. సంస్కృతమునందలి బంధశబ్దమునకు అది సజాతీయము. ఇక ఇంగ్లీషువారి స్ట్రైక్ అను మాట చరిత్ర ఈ ప్రకరణమునకు మిక్కిలి యుపయుక్తమైనది. కొట్టుట యేగాక, తెరచాపను దించుట యనునదియు నా క్రియకర్థము. 1768లో ఇంగ్లండున నోడపనివారు కూలి నిమిత్తమై పని మాని, తెరచాపలను దించివేసి, ఓడలు కదలకుండ జేసిరి. అప్పటినుండియే యా మాట పని మానుటకు వాచకమయ్యెను. కావున యాత్రను నిలుపుట యనునది యీ శబ్దముయొక్క పుట్టుకలోనే యున్నది.

ఈ శబ్దములను వరుసగా జూచిన నొక క్రమము తోచును. ధర్నాలో బంధింపబడునది చేయువాని దేహము. హర్తాళ్‌లో బంధింపబడునది చేయువాని యంగడి, అనగా నతని జీవనము. బందులో బంధింపబడునది పరుల త్రోవ. చరిత్రయందును ఇంచుమించుగా నిదియే క్రమము చూపట్టుచున్నది.

ప్రాయోపవేశము, ధర్నా

అప్పు రాబట్టుకొనుటకు మనువు అష్టమాధ్యాయమున జెప్పిన యుపాయములలో ఆచరితమనునది యొకటి. భోజనము మాని ఋణస్థుని గృహద్వారమున గూర్చుండుట మొదలగునది ఆచరితమని మేధాతిథి వ్యాఖ్యానించెను. క్రీస్తుశకము పండ్రెండవ శతాబ్దమున కల్హణుడు రచించిన రాజతరంగిణియందు, కాశ్మీర బ్రాహ్మణులు రాజులవలన న్యాయము గోరి ప్రాయోపవేశము చేసిన సందర్భములు పెక్కులు గలవు. అట్టి ప్రాయోపవేశములను విచారించి రాజునకు విన్నవించుటకు బ్రత్యేకాధికారు లుండినట్లును ఆ గ్రంథమువలన దెలియుచున్నది.

ఈ పద్ధతిలో కష్టపడువాడు చేయువాడే. అతడు కృశించుకొలది ఎదుటివానికి బాపభీతి హెచ్చును. వాకిట గూర్చున్నవాని ప్రక్కగా బాటసారి తన దారిని దాను బోవచ్చును. వివాదము ఇద్దరిమధ్యనే యుండును; మూడవవానికి దానితో బనిలేదు. కంపెనీవారు 1795లో కాశీమండలమున నిట్టి ధర్నాను నిషేధించుచు శాసనము చేసిరి. అది వెలువడిన పదునైదేండ్లకు, ఆ కాశీలోనే నగరమంతయు ధర్నా కూర్చుండెను.

కాశీనగర హర్తాళ్, 1810-11

1810వ సంవత్సరము అక్టోబరు నెలలో కంపెనీ ప్రభుత్వము పదునైదవ శాసనమును బ్రకటించి, కాశి మొదలగు నగరములయందలి గృహములకు బన్ను విధించెను. కాపురపుటిండ్లకు ఏటి యద్దెలో నూటికి 5 వంతులు, అంగళ్లకు 10 వంతులు చెల్లింపవలయునని నిర్ణయము. ఇండ్లను లెక్కవేయుటకు మనుష్యులు వీధులలో బ్రవేశించిన వెంటనే, డిసెంబరులో, కాశీవాసులు పని మానిరి. కమ్మరులు ముందు నడిచిరి. మేస్త్రీలు, సాలెవారు, మంగలులు, కుట్టుపనివారు, పల్లకి మోయు కహారులు వారి ననుసరించిరి. పన్ను తొలగువరకు నెవ్వరును తమ వృత్తిని జేయరాదని హిందువులును, మహమ్మదీయులును బ్రమాణములు చేసిరి. ధర్మపత్రి యను పేర నాహ్వానపత్రములు గ్రామగ్రామమునకు బోయెను. నాటి యధికారుల లెక్క ప్రకారము ఇరువదివేలకు పైబడిన జనులు చలికాలమున నారుబయట, రేయింబవళ్లు, ఆయుధములు లేక గూర్చుండిరి. దినకూలిచే బ్రదుకువారి కుటుంబములకు గలవారు చందాలిచ్చి పోషించిరి.

ఇందు భారము మోసినవారు ముఖ్యముగా హర్తాళ్ చేసినవారే యనుట స్పష్టము. అయినను అంతటితో నాగలేదు. అంత్యక్రియలు నడపువారు సహితము పని మానుటచే, శవములు సంస్కారములేక గంగలో విడువబడెనని నాటి లేఖలయందు గలదు. పడవవారును జేరగా నదిని దాటు మార్గము నిలిచెను. పనికి రానివారి పడవలను సర్కారు స్వాధీనము చేసికొనునని యధికారి ప్రకటించిన మీదటనే యా త్రోవ తిరిగి తెరువబడెను.

కాశి యాత్రికుల నగరము. అచ్చట నీ వృత్తులు నిలిచినచో యాత్రికునకు గలుగు స్థితిని గ్రహించుటకు, నాటి యాత్ర యెట్లు సాగెడిదో యెరుగవలెను. చెన్నపట్టణపు సుప్రీముకోర్టున దుబాసీగా నుండిన యేనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీని బయలుదేరి, కాశీయాత్ర చేసికొని, 1831 సెప్టెంబరు 3వ తేదీని తిరిగి చెన్నపట్టణము చేరిరి. ఆ యాత్రకు బదునైదు మాసములు దాటినవి. 1838లో ముద్రితమైన వారి కాశీయాత్రచరిత్రను జదివినవారికి, అట్టి ప్రయాణము అడుగడుగునను బోయీలమీద, పడవలమీద, మజిలీలయందలి అంగళ్లమీద నాధారపడి నడచినట్లు బోధపడును. తీర్థమున యాత్రికునకు మంగలి లేనిదే క్షౌరము లేదు. క్షౌరము లేనిదే తీర్థవిధి సాగదు. పడవ లేనిదే పంచతీర్థస్నానములు కుదురవు. అంగడి తెరువనిదే తండులములు లేవు. కావున కమ్మరి, మంగలి, పడవవాడు ఒక్కసారిగా బని మానిన నగరమున, ఏడాది త్రోవ నడచివచ్చిన దక్షిణదేశస్థుడు గంగయొడ్డున నుండియు గంగకు దూరమైనవాడే యగును.

ఆ పోరాటము వ్యర్థము కాలేదు. 1811 జనవరిలోనే దేవాలయములు మొదలగు ధర్మస్థానములకును, మిక్కిలి పేదల గృహములకును మినహాయింపు కలిగెను. కాశీరాజు మధ్యవర్తియై జనులను శాంతింపజేసెను. కొంతకాలమునకు బన్నే తొలగింపబడెను. ఇల్లుగలవాని కోరిక యీడేరినది. ఆ కోరికతో సంబంధములేని యాత్రికుడు గూడ దాని వెలలో నొక భాగము నిచ్చినవాడయ్యెను.

ఢిల్లీ స్టేషను, 1919

రైలుమార్గములు వచ్చిన పిమ్మట యాత్ర శీఘ్రమైనది. దాని నాపుటయు సులభమైనది. పల్లకి నిలిచిన గాలినడక గలదు. రైలు నిలిచినచో నూరామడల దూరమున నున్న యింటికి నడచిపోవుట సాధ్యము కాదు. ఆహారము సహితము స్టేషనునందు దొరకునదే గతి.

రౌలటు శాసనమునకు బ్రతికూలముగా 1919లో గాంధీమహాత్ముడు దేశవ్యాప్తమైన హర్తాళ్‌ను గోరినప్పుడు, దానిని ఉపవాసముతోడను బ్రార్థనతోడను జేర్చెను. అందులకు నిర్ణయింపబడిన ఏప్రిలు 6వ తేది ఆదివారము. ఆదివారమునను బని చేయవలసిన యుద్యోగులు ముందుగా యజమానుని యనుమతి బొందిన గాని పని మానరాదని యాయన స్పష్టముగా విధించెను. ఇది పాతధర్నాయొక్క లక్షణమును, అనగా భారము తనమీదనే యుండవలయుననుదానిని, క్రొత్తకాలమున నిలుపుకొనుటకు జేసిన ప్రయత్నము.

కాని ఢిల్లీలో హర్తాళ్ ఒక వారము ముందుగా, మార్చి 30వ తేదీని జరిగెను. అచ్చటి రైలుస్టేషనునకు గొందరు పోయి, తినుబండారములు విక్రయించువానిని గూడ మూసివేయుమని యడిగిరి. మూడవతరగతి ప్రయాణికులకు ఆహారమిచ్చుట తన యొడంబడికయని యతడు నిరాకరించెను. మాట పెరిగెను. కొందరు పట్టుబడిరి. వారిని విడిపింపవలయునని జనసమూహము స్టేషనును జుట్టుముట్టెను. సేన కాల్పులు జరిపెను, జనులు మరణించిరి. ఆ వత్సరమున బ్రవహించిన రక్తములో మొదటిది, రైలులోని పేదప్రయాణికునకు అన్నము పెట్టవచ్చునా, పెట్టరాదా యను వివాదమునుండి ప్రారంభమయ్యెనని చరిత్రకారులు గమనింపవలసియున్నది. హర్తాళ్ అంగడివాని యిచ్ఛచే జరిగినచో నది వ్రతము. ప్రయాణికుని యాకలిని లెక్కింపక యడిగినప్పుడు స్వరూపము మారినది.

చాందుపురము, 1921

యాత్రికుల నిమిత్తమై చేసిన సమ్మె యాత్రికులకే యడ్డమైన యుదాహరణము 1921లో గలదు. ఆ సంవత్సరము మే నెలలో, సిల్హెటు మండలమునందలి చరగోలాలోయ తేయాకుతోటలనుండి కూలీలు వేలకొలది తోటలు విడిచి, స్వగ్రామములకు మరలిపోవ నిశ్చయించిరి. వారు కరీంగంజుమీదుగా చాందుపురము చేరిరి. అచ్చటనుండి పద్మానదిమీద స్టీమరులో గోవాలందునకు బోయి, పశ్చిమమునకు రైలెక్కవలెను. త్రోవకర్చులు లేక వారు చాందుపురమున నిలిచిపోయిరి. మే 20వ తేది రాత్రి, స్టేషనున బరుండియున్న వారిని గూర్ఖాసైనికులు కొట్టి వెడలగొట్టిరి.

ఈ ఘోరమును విని అస్సాము-బెంగాలు రైలుపనివారు సమ్మె కట్టిరి. స్టీమరులవారు వారి ననుసరించిరి. చిత్తగాంగున యతీంద్రమోహన సేనగుప్త నాయకుడయ్యెను. దయచే బుట్టిన యీ సమ్మెకు వెంటనే విపరీతఫలము గలిగెను. స్టీమరులు నిలుచుటచే కూలీలు నది దాటుటకు మార్గము పోయెను. చాందుపురమున విషూచి చెలరేగి వారిలో బెక్కురు మరణించిరి. వారి సేవకై వచ్చియుండిన సి. ఎఫ్. ఆండ్రూసు స్టీమరుల సమ్మె తగదనెను. చిత్తరంజనదాసు చాందుపురమునకు రావలసివచ్చినప్పుడు, స్టీమరులు లేనందున, సతీసమేతుడై చిన్నపడవలో గాలివానలనడుమ పద్మానదిని దాటి వచ్చెను. నాయకుడు ధైర్యముచే నది దాటెను. బిడ్డల నెత్తుకొనియున్న కూలీలకు అది సాధ్యమయినది కాదు. పాంథుడు పథికునియందలి జాలిచేతనే నిలిచినను, పథికునకు గలుగు ఫలము నిలిచిపోవుటయే యని యీ యుదంతము దెలుపుచున్నది.

ఆంధ్రదేశము

తెలుగునాట నీ రెండు పద్ధతులును ఒకే వారములో గానవచ్చిన సందర్భము గలదు. ఆంధ్రరాష్ట్రము నిమిత్తమై పొట్టి శ్రీరాములుగారు 1952 అక్టోబరు 19వ తేదీని చెన్నపట్టణమున ఉపవాసదీక్ష వహించి, 58 దినములకు, డిసెంబరు 15వ తేది రాత్రి దివంగతులైరి. ఆ యుపవాసము పూర్వపు ప్రాయోపవేశమే. భారమంతయు నొక్క దేహమే మోసినది. మరుదినమునుండి కోస్తాజిల్లాలలో బ్రజలు స్టేషనులమీద బడిరి, రైళ్లు నిలిచెను, కాల్పులు జరిగి ప్రాణనష్టము గలిగెను. డిసెంబరు 19వ తేదీని నెహ్రూగారు రాష్ట్రనిర్మాణమును బ్రకటించిరి. 58 దినముల మౌనమునకు రాని ప్రకటన నాలుగుదినముల మార్గబంధమునకు వచ్చినదని జనులు గ్రహించిరి. అటుతరువాతి యుద్యమములు రైలుపట్టాలమీదికే నడచుటకు నిదియొక కారణమని చెప్పవచ్చును.

1974లో మే 8వ తేది మొదలు 27వ తేదివరకు జార్జి ఫెర్నాండెజు నాయకత్వమున జరిగిన రైలుసమ్మెలో సుమారు పదునేడులక్షలమంది పాల్గొనిరి. అది వేసవిసెలవుల కాలము. దేశమంతట వివాహములకును, తీర్థములకును, స్వగ్రామములకును బయలుదేరవలసినవారి ప్రయాణములకు భంగము గలిగెను.

తెలంగాణరాష్ట్రము గోరి 2011 సెప్టెంబరు 13వ తేదీని ప్రారంభమైన సకలజనులసమ్మె 42 దినములు సాగెను. సింగరేణి బొగ్గుగనులవారు, ఉపాధ్యాయులు, ఆర్టీసీవారు నందు జేరిరి. సెప్టెంబరు 19వ తేదినుండి బస్సులు నిలిచెను. 24, 25 తేదులలో రైళ్లు నాపబడెను. అక్టోబరు 6వ తేది విజయదశమి. బతుకమ్మకు పుట్టింటికి బోవలసిన యాడుబిడ్డలకు బస్సు లేదు. అయితే యా సమ్మె చేసినవారే యా బిడ్డల తండ్రులు, సోదరులు. త్రోవ నిలిపినవాడును, త్రోవలో నిలిచినవాడును ఒక్కయింటివారగుటచే నా కష్టమును బెక్కురు తమదిగా నంగీకరించిరి. ఇట్టి యంగీకారము పరదేశపు యాత్రికునినుండి కోరదగినది కాదు.

2013 జూలై 30వ తేదీని తెలంగాణరాష్ట్ర నిర్ణయము వెలువడిన పిమ్మట, సమైక్యాంధ్రము గోరి ఆగస్టు 12వ తేది యర్ధరాత్రమునుండి రాయలసీమ, కోస్తాలలో ఉద్యోగులు సమ్మె కట్టిరి. సుమారు రెండునెలలు ఆర్టీసీ బస్సులు నడువలేదు. తిరుపతి మొదలగు క్షేత్రములకు బోవువారు చాలవరకు రైళ్లనే నమ్ముకొనవలసివచ్చెను. అక్టోబరులో విద్యుదుద్యోగులు సైతము సమ్మె కట్టినప్పుడు రైళ్లకును అంతరాయము గలిగెను. ఇట్లు ఒక మార్గము మూసిన రెండవది తెరచియుండునను నమ్మకమును సడలెను.

2019లో తెలంగాణ ఆర్టీసీవారి సమ్మె అక్టోబరు 5వ తేదీని, సద్దుల బతుకమ్మకు ముందుదినమున, ప్రారంభమై 52 దినములు నడచెను. సుమారు 48 వేలమంది యందు బాల్గొనిరి. బస్సులు చాలనందున విద్యార్థులు బడికి రాలేరని, దసరాసెలవులను ప్రభుత్వము అక్టోబరు 19వ తేదివరకు బొడిగించెను. సమ్మెలు సెలవుల యాత్రను జెరచుట పెక్కుచోట్ల జూడబడినది. సెలవులనే పొడిగించి చదువును జెరచుట యిచ్చట జూడబడినది. పాంథుని పక్షమునను జెప్పవలసినది గలదు. ఆ దినములలో వారికి జీతములు లేవు. కుటుంబములు మిక్కిలి బాధపడినవి. పండుగకు ముందు సమ్మె కట్టుట క్రూరమని పథికుడనును. పండుగకు గాక మరియెప్పుడు కట్టినను తమ మాట వినువారెవ్వరని పాంథుడనును. ఈ రెండు మాటలలోను సత్యము గలదు.

డార్జిలింగు, 2013, 2017

తెలంగాణ నిర్ణయము తెలుగునాటనే గాక, హిమాలయపాదమునను బ్రతిధ్వనించెను. తమకును గూర్ఖాలాండు కావలయునని 2013 ఆగస్టు 3వ తేదినుండి డార్జిలింగు కొండలలో గూర్ఖాజనముక్తిమోర్చావారు నిరవధికమైన బందు ప్రకటించిరి. కలకత్తా హైకోర్టు బందును దప్పుపట్టెను. అంతట వారు బందు పేరు విడిచి, జనులు తమ యిండ్లలోపల నుండవలసినదని ఘర్ భిత్ర జనతా యను క్రొత్తపేరు పెట్టిరి. పేరు మారినను త్రోవ తెరువబడలేదు. అర్థము మారక శబ్దము మాత్రము మారుట వ్యాకరణమున నాదేశమనబడును. ఆదేశము స్థానివంటిదే యని శాస్త్రమర్యాద. ఇచ్చటను అట్లే యయ్యెను.

2017లో జరిగినది దానికంటె దీర్ఘమైనది. డార్జిలింగునకు వేసవి యాత్రాకాలము. జూన్ 8వ తేదీని ముఖ్యమంత్రి యచ్చట మంత్రివర్గసమావేశము జరుపుచుండగా గలహము చెలరేగెను. సేన రప్పింపబడెను. వేలకొలది యాత్రికులు తొందరపడి కొండదిగి సిలిగుడికి బోవలసివచ్చెను. జూన్ 15వ తేది మొదలు సెప్టెంబరు 27వ తేదివరకు, 104 దినములు, బందు సాగెను. 1881నుండి నడచుచున్న కొండరైలు నిలిచెను. తేయాకులో మేలైన రెండవకోత పంట తోటలలోనే చెడిపోయెను. హోటళ్లు మూతపడెను. యాత్రికునకు బోయినది ఒక వేసవి. కొండవారికి బోయినది సంవత్సరపు జీవనము. యాత్రికులవలననే జీవించు దేశమున త్రోవను బంధించుట తన యంగడికే బీగము వేసికొనుట యగునని యిందువలన విశదమగుచున్నది.

అయినను ఆ 104 దినములలో స్మరింపదగిన దినమొకటి గలదు. కొండలలోని వసతిపాఠశాలలయందు దూరదేశపు బాలురు పలువురు చదువుచుండిరి. వారు తమ యిండ్లకు బోవుటకై జూన్ 23వ తేదీని పండ్రెండుగంటలు బందును సడలించుచున్నామని మోర్చావారు ప్రకటించిరి. ఆ దినమున బడిబండ్లు వరుసగా గొండ దిగినవి. త్రోవ మూసినవారే, ఎవరికొరకు, ఎంతసేపు తెరువవలెనో యెరిగి తెరచిరి. పోరాటము దీనివలన బలహీనము కాలేదు.

ధర్మాసనముల నిర్ణయములు

శాసనము లీ విషయమున రెండు త్రోవల నడచినవి. మొదటిది ముందుగా దెలుపుట. ప్రజోపయోగసేవలలో బనిచేయువారు నోటీసు ఇయ్యకయు, ఇచ్చిన పదునాలుగు దినములలోపలను సమ్మె కట్టరాదని 1947 నాటి పారిశ్రామికవివాద శాసనము విధించెను. రెండవది బలాత్కారనిషేధము. బందు పిలుపు రాజ్యాంగవిరుద్ధమని 1997లో కేరళ హైకోర్టు పూర్ణధర్మాసనము తీర్పు చెప్పగా, ఆ సంవత్సరమే సుప్రీముకోర్టు దానిని స్థిరపరచెను. ఇచ్ఛ గలవాడు తాను పని మానుట వేరు, ఇచ్ఛలేనివానిని గదలకుండ జేయుట వేరు అనునది యా తీర్పులయందలి వివేకము. పైని శబ్దవిచారమున జెప్పబడిన హర్తాళ్, బందుల భేదమే యిచ్చట ధర్మాసనముల నోట వెలువడినది. పిమ్మట పలుచోట్ల బందులు హర్తాళ్లను పేర నడచినవి. 2019 జనవరిలో ఆ హైకోర్టే హర్తాళ్‌కు సహితము ఏడుదినములు ముందుగా దెలుపవలయునని యాదేశించెను.

మినహాయింపు ప్రకటించుట యొకటి, దానిని బాటించుట యొకటి. 2020 జనవరి 8వ తేదీని దేశవ్యాప్తమైన సమ్మె జరిగినప్పుడు, కేరళమున యాత్రికుల సేవలకు మినహాయింపు గలదని ముందుగనే ప్రకటింపబడెను. అయినను 2013లో రసాయనశాస్త్రమున నోబెలు బహుమానము పొందిన మైకేల్ లెవిటు భార్యతో గూడ నెక్కిన గృహనౌకను ఆలప్పుళ ప్రాంతపు కాయలున గొందరు నిలిపివేసిరి. అతడు రాష్ట్రమునకు అతిథి. ప్రసిద్ధుడగుటచే నతని ఫిర్యాదు లోకమునకు దెలిసి, నిలిపినవారు పట్టుబడిరి. పేరులేని యాత్రికుని కట్టి విచారణ లభించుట యరుదు.

ఉపసంహారము

ఇంతవరకు జెప్పినదానివలన మూడంశములు తేలుచున్నవి. మొదటిది, సమ్మెలచే యాత్రికునకు గలుగు నంతరాయము నేటి క్రొత్తవింత కాదు. 1810లోనే కాశీలో బడవయు, అంగడియు నిలిచినవి. రెండవది, ప్రాయోపవేశమునుండి బందువరకు వచ్చుసరికి భారము చేయువానినుండి పరునిమీదికి గ్రమముగా జరిగినది. మూడవది, ఆ జరుగుట యనివార్యము కాదు. 1919లో యజమానుని యనుమతి గోరిన నియమమును, 2017లో బాలురకై తెరచిన పండ్రెండుగంటలును, పోరాడువారు తలచుకొన్నచో బథికునకు దారి విడువగలరనుటకు సాక్ష్యములు.

వ్యాకరణమున పలుకువానిది ఉత్తమపురుషము, వినువానిది మధ్యమపురుషము. ఈ రెంటను జేరక మిగిలిన దానికెల్ల ప్రథమపురుషమని పాణిని విధి. సమ్మెలో నేనని పలుకువాడు పాంథుడు. నీవని పిలువబడువాడు ప్రభువో, యజమానుడో. పథికుడు శేషము. వాదమున నతని మాట లేదు, నిర్ణయమున నతని సమ్మతి లేదు. నష్టమున మాత్రము భాగము గలదు. పాంథునకు న్యాయము జరుగవలసినదే. అతని జీవనము చెడినచో నెల్లవారి యాత్రలును జెడును. కాని తన వాదమున కెదుటిపక్షము కానివానికి ముందుగా దెలుపుటయు, వృద్ధులకు, రోగులకు, బాలురకు, ఇల్లు చేరగోరు పరదేశికి ద్రోవ విడుచుటయు సమ్మెకు లోపము గాదు. అట్లు చేయని సమ్మె తాను గోరు న్యాయమును త్రోవలోనే మరచినదగును.